ఒక్క పూట నిజం

మెదక్‌లో నాకు మోటార్ వైండింగ్ షాపు ఉంది. కుల్చారం, శివ్వంపేట వైపు నుంచి కాలిపోయిన బోరు మోటార్లు ట్రాలీ ఆటోల్లో వస్తాయి. లోపల మాడిన రాగితీగ తీసేసి కొత్తది చుట్టి పంపుతాను. రెండు చేతులకూ పని ఉన్నప్పుడే ఫోన్ మోగుతుంది. తెలియని నంబర్ అయితే సగం సార్లు అవతలివాళ్లు ఏమడుగుతారో ఎత్తకముందే తెలిసిపోతుంది.

"అన్నా, పాప దొరికిందా?"

దొరికింది. మా అమ్మాయి తప్పిపోయింది ఒక్క మధ్యాహ్నమే. అప్పటికి ఇంకా బడిలో కూడా వెయ్యలేదు. రంజాన్‌కు వచ్చిన మా అత్తను రేగోడ్ బస్సు ఎక్కించడానికి బస్టాండుకు వెళ్లాం. పండగ మర్నాడు కావడంతో జనం విపరీతంగా ఉన్నారు. నేను కిటికీలోంచి సంచి వేసి సీటు ఆపుతున్నాను. పిల్ల నా దగ్గర ఉందని నా భార్య అనుకుంది, తన దగ్గర ఉందని నేను అనుకున్నాను. బస్సు కదిలాక చూస్తే పిల్ల ఇద్దరి దగ్గరా లేదు.

నా తమ్ముడు పరుగెత్తుకొచ్చాడు. పండగ నాడు తీసిన ఫొటో అతని ఫోన్‌లో ఉంది, ఆకుపచ్చ గౌనుతో నవ్వుతున్నది. దాని కింద గబగబా రాశాడు. "ఈ పాప తప్పిపోయింది. కనిపిస్తే వెంటనే ఈ నంబర్‌కు ఫోన్ చేయండి. దయచేసి అన్ని గ్రూపులకు పంపండి." చివర నా నంబర్. ఊరు రాయలేదు, తేదీ రాయలేదు. అలాంటి సమయంలో తేదీ ఎవరికి గుర్తుంటుంది?

పిల్ల ఏం చేసిందంటే, మా ఆవిడలాగే నల్ల బురఖా వేసుకున్న ఒకామె వెనక నడిచి ఇంకో బస్సు ఎక్కేసింది. ఆ బస్సులో కాలేజీకి పోయే ఒక అమ్మాయి ఫోన్ చూసుకుంటూ మా మెసేజ్ చూసింది. తలెత్తితే ఎదురు సీట్లో అదే ఆకుపచ్చ గౌను. వెంటనే నాకు ఫోన్ చేసింది. పొద్దుగూకక ముందే పిల్ల ఇంట్లో ఉంది. ఆ మెసేజ్ లేకపోతే ఏమయ్యేదో తలచుకోవడానికి నాకు ఇప్పటికీ ధైర్యం చాలదు. అందుకే దాన్ని మనసారా తిట్టుకోలేను.

ఆ రాత్రే నా తమ్ముడు "పాప దొరికింది, అందరికీ షుక్రియా" అని అవే గ్రూపుల్లో పెట్టాడు. చాలామంది దండం బొమ్మలు పెట్టారు. ఆ మెసేజ్ అక్కడే ఆగిపోయింది. తప్పిపోయిందన్న మాట మాత్రం జిల్లా దాటింది. భయపడినవాళ్లు పదిమందికి చెప్తారు, భయం తీరినవాళ్లు ఫోన్ పక్కన పెట్టి అన్నం తింటారు.

మొదట్లో ఫోన్ చేసిన ప్రతి ఒక్కరికీ అంతా వివరంగా చెప్పేవాణ్ని. ఎక్కడో లారీ తోలే ఆయన ఒకరు, "నాకూ గంతే బిడ్డ ఉన్నదన్నా, నిద్ర పట్టలే" అన్నాడు. ఒకామె, మా పిల్ల కోసం ఉపవాసం ఉన్నానని చెప్పింది. ఆమె ఎవరో, ఏ ఊరో అడగలేదు. అందరూ మంచివాళ్లే. అదే కష్టం. చెడ్డవాళ్లయితే కోప్పడి పెట్టేసేవాణ్ని.

రోజులు గడిచేకొద్దీ మెసేజ్ మారుతూ వచ్చింది. ఎవరో ముందు "నిజామాబాద్‌లో" అని చేర్చారు. ఇంకెవరో పిల్ల మొహం చుట్టూ ఎర్ర గీత గీశారు. ఒకసారి ఏడుపు సంగీతం పెట్టి, ఎవరో ఆడమనిషి గొంతుతో, మా పిల్ల దవఖానలో తెలివి లేకుండా పడి ఉన్నట్టు వీడియో వచ్చింది. ఇన్ని అబద్ధాల కిందా మారకుండా ఉన్నది నా నంబర్ ఒక్కటే. నంబర్ సరైనది గనుక మిగతాదీ సరైనదే అని జనం అనుకునేవారు.

పోలీస్ స్టేషన్‌కు వెళ్తే కానిస్టేబుల్ నా మొహం చూసి జాలిపడ్డాడు. "ఎవరిని పట్టుకోవాలన్నా? పంపినోళ్లందరు మంచికే పంపిండ్రు. నంబర్ మార్చుకో, పీడ పోతది" అన్నాడు.

మార్చుకోవడం అంత తేలిక కాదు. నా నంబర్ ఊళ్లలో బోరు షెడ్ల గోడల మీద రంగుతో రాసి ఉంది. మోటార్ కాలిన రైతు చేనులో నిలబడి ఆ గోడ చూసి ఫోన్ చేస్తాడు. ఆ గోడలన్నీ తిరిగి నేనెప్పుడు చెరపాలి?

నేను పనిలో ఉంటే ఫోన్ నా భార్య ఎత్తేది. ఆమె కూడా మొదట్లో ఓపిగ్గా మాట్లాడింది. పోను పోను, అవతలివాళ్లు నోరు తెరవగానే, "దొరికింది, మంచిగున్నది" అని పెట్టేసేది. ఒకరోజు నాతో అంది, "పిల్ల నా పక్కల్నే పండుకుంటది. అయినా దినాం ఎవరో ఒకరు ఆమెను పోగొడ్తనే ఉన్నరు."

పిల్ల చదవడం నేర్చుకున్నాక పక్కింటి ఫోన్‌లో తన ఫొటో కింద రాసింది కూడబలుక్కుంటూ చదివింది. నా దగ్గరికొచ్చి, "పప్పా, నేను ఇంకా దొరకలేదా?" అని అడిగింది. జుట్టు సర్ది పంపేశాను.

తర్వాత ఒక వానాకాలం మా మరదలికి కాన్పు అయింది. నా భార్య రేగోడ్‌లో ఉండిపోయింది. మర్నాడు బడి ఉందని నేను పిల్లను బండి మీద తీసుకొస్తున్నాను. అమ్మ దగ్గరే ఉంటానని దారంతా ఏడుస్తూనే ఉంది. ఒక చౌరస్తాలో చాయ్ హోటల్ కనపడితే, బిస్కెట్ కొనిస్తే ఊరుకుంటుందేమోనని ఆపాను.

బెంచీ మీద కూర్చున్న ఒక యువకుడు తన ఫోన్ వైపూ పిల్ల వైపూ మార్చి మార్చి చూడడం గమనించాను. ఎందుకో నాకు అప్పుడే అర్థమైంది. ఆయన లేచి వచ్చాడు.

"ఎవరి పిల్ల?"

"నా బిడ్డ."

"మరి గంతగనం ఏడుస్తుందేంది?"

చెప్పేలోపే ఇంకో నలుగురు చేరారు. ఫోన్ చేతులు మారింది. ఈసారి మెసేజ్‌లో తప్పిపోయింది అని లేదు, ముఠా ఎత్తుకుపోయింది అని ఉంది. వాళ్లు ఫొటో చూశారు, నా గడ్డం చూశారు. ఎవరో బండి తాళం తీసుకున్నారు. ఒకడు నా కాలర్ మీద చెయ్యి వేశాడు, గట్టిగా కాదు, కానీ తియ్యలేదు.

"ఆ మెసేజ్‌ల నంబర్ ఉన్నది గదా, దానికి ఫోన్ చెయ్యిండ్రి" అన్నాను.

చేశారు. నా జేబులో ఫోన్ మోగింది. ఇక గొడవ తీరిపోయిందనుకున్నాను. వెనకనుంచి ఒక గొంతు, "పాప నాయిన ఫోన్ గుంజుకున్నడేమో సూడుండ్రి" అంది. మిగతావాళ్లు నిజమేనన్నట్టు తలలూపారు. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది. నా దగ్గరున్న సాక్ష్యమే నాకు ఎదురు తిరిగింది.

చాయ్ పోసే ఆమె గిన్నె దించి వచ్చింది. పిల్ల ముందు కూర్చుని, "బిడ్డా, ఈయన నీకేమైతడు?" అని అడిగింది. పిల్ల వెక్కిళ్ల మధ్య "పప్పా" అంది. ఆమె ఆ జనం వైపు తిరిగి, "పిల్లనడగకపోతిరి. ఇంట్ల తల్లికన్న ఫోన్ చెయ్యకపోతిరి. ముందుగాల మనిషి అంగి ఇడువుండ్రి" అంది.

నా ఫోన్‌లోనే నా భార్యకు కలిపి అందరికీ వినపడేలా పెట్టారు. ఆ యువకుడు, "అమ్మా, గీ పాప..." అనేసరికే అటువైపు నుంచి రోజూ చెప్పే మాటే వచ్చింది.

"దొరికిందన్నా. మస్తు రోజులాయె. మా బిడ్డ మా దగ్గర్నే ఉన్నది."

ఆ గొంతులో ఎంత అలసట ఉందంటే, ఎవరూ ఇంకో ప్రశ్న వెయ్యలేదు. తర్వాత ఆమెకు ఏదో తట్టింది. "మా ఆయన ఫోన్ మీ తాన ఎందుకున్నది? ఆయన ఏడి?" అంది. పిల్ల "అమ్మీ" అని అరిచింది.

కాలర్ మీది చెయ్యి పోయింది. తాళం నా చేతిలోకి వచ్చింది. జనం మెల్లగా పలచబడ్డారు. ఆ యువకుడు మాత్రం నిలబడి, "మంచికే అడిగినమన్నా, ఏమనుకోకు" అన్నాడు. నిజంగా నా బిడ్డను ఎవరైనా ఎత్తుకుపోయి ఉంటే, ఆ చౌరస్తాలో ఇలాంటివాడే ఒకడు ఉండాలని కోరుకునేవాణ్ని. ఆ మాట ఆయనతో చెప్పలేదు. చాయమ్మ ఇచ్చిన గ్లాసు బెంచీ మీద పెట్టేసి పిల్లను బండెక్కించాను.

ఆ తర్వాత షాపులో ఎవరు ఏ మెసేజ్ చూపించినా నాకు ఒకే అలవాటు. ఎప్పటిది, ఎక్కడిది, నువ్వు చూసినవా అని అడుగుతాను. నిమ్మకాయతో షుగర్ పోతుందని ఒకరు, ఫలానా బ్యాంకు మూతపడుతుందని ఒకరు చూపిస్తారు. "నీతోని పెద్ద పరేషానన్నా, ఊకె సూపిచ్చినం" అని విసుక్కుంటారు. నాకూ విసుగే. అడగడం మానితే హాయిగా ఉంటుంది, కానీ మానలేను.

మొన్నామధ్య ఒక ముసలాయన తప్పిపోయాడని మెసేజ్ వచ్చింది. పంపకుండా ఉండబోయి, ఆ బస్సులోని కాలేజీ అమ్మాయి గుర్తొచ్చి కింది నంబర్‌కు చేశాను. కొడుకు ఎత్తాడు. శివ్వంపేట దగ్గరి పల్లెటూరు. మతిమరుపు మనిషి, పొద్దున చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి పోయాడట. నిజమే. నేను ఊరు, తేదీ, పోయిన వేళ, కట్టుకున్న లుంగీ రంగు రాసి, "దొరికినాక ఇది ఎవరికీ పంపకండి" అని చేర్చి నాకున్న గ్రూపులన్నిటికీ పంపాను.

చీకటి పడకముందే కొడుకు ఫోన్ చేశాడు. ఎవరిదో మోటార్ షెడ్డు పక్కన కూర్చుని ఉంటే గుర్తుపట్టారట. నేను మళ్లీ ఒక్కొక్క గ్రూపుకూ వెళ్లి దొరికిండని రాశాను. దండం బొమ్మలు వచ్చాయి.

ఈ వారం ఇంకెవరో అదే ముసలాయన ఫొటో నాకు పంపారు. తేదీ తీసేశారు. ఊరు పేరు కూడా లేదు. కొడుకు నంబర్ మాత్రం అలాగే ఉంది. పంపినాయనకు ఫోన్ చేసి చెప్పాను. "అట్లనా, నాకు తెల్వదన్నా" అన్నాడు పాపం. తీగ చుట్టడం సగంలో ఆగిపోయి ఉంది. ఎన్ని చుట్లయ్యాయో లెక్క తప్పిందని విప్పేసి మొదటినుంచి చుట్టాను.