వాలుగా వచ్చిన నా పేరు

దయ్యాల కబుర్లు మొదలైతే నేను లేచి గిన్నెలు తోముకోవడానికి పోయేదాన్ని. శ్మశానం పక్క దారిన ఒంటరిగా నడిచి వచ్చినదాన్ని, నాకు ఆ నమ్మకాలు లేవు. ఇప్పుడు రాస్తున్నది కూడా భయంతో కాదు. అసహ్యంతో రాస్తున్నాను.

తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి ఖరగ్‌పూర్ రైల్వే పనికి వచ్చిన కుటుంబాల్లో మాదొకటి. మా ఆయన వర్క్‌షాపులో ఫిట్టరు. ఆయనకి హామ్ రేడియో పిచ్చి, ఇంట్లో కూర్చునే ఎక్కడెక్కడి వాళ్లతోనో గాలిలో మాట్లాడే సరదా. పాత సామాన్ల దుకాణాల్లో ఏరుకొచ్చిన ముక్కలతో సెట్టు తనే కట్టుకున్నాడు. డ్యూటీ నుంచి వచ్చి దాని ముందు కూర్చుంటే అన్నానికి కూడా లేచేవాడు కాదు. బల్ల కింద ఒక రేకు డబ్బా ఉండేది, ఖైనీ ఉమ్మడానికి. పొద్దున్నే దాన్ని పారబోసి కడగడం నా పని. సెట్టు మాత్రం నేను ముట్టకూడదు.

"సదువు లేనిదానివి, నీకేటి తెలుస్తాది? అవతలికి పో," అనేవాడు.

నిజమే, అప్పటికి నాకు సంతకం కూడా రాదు. ఆయన పోయిన తరువాత, యాభై దాటాక, మా అమ్మాయి లక్ష్మి దగ్గర అక్షరాలు దిద్దాను. ముందు తెలుగు, తరువాత ఇంగ్లీషు. ఆ సెట్టునీ ఆ డబ్బానీ కలిపి పాత ఇనుము కొనేవాడికి ఇచ్చేశాను. వాడు మా వాకిట్లోనే సెట్టుని సుత్తితో పగలగొట్టి రాగి తీగ విడదీసుకున్నాడు. నేను నిలబడి చూశాను. ఈ సంగతి గుర్తుంచుకోండి.

మరి మళ్లీ రేడియో జోలికి ఎందుకు వెళ్లావని అడుగుతారు. పొమ్మన్న చోటే కూర్చోవాలనిపించింది, అంతే.

పరీక్ష ఒకసారి తప్పి, మళ్లీ రాసి, లైసెన్సు తెచ్చుకున్నాను. దాంతో పాటు కాల్ సైన్ వచ్చింది. కొన్ని అక్షరాలూ ఒక అంకె కలిసిన పేరు అది. ప్రపంచంలో ఇంకెవరికీ ఉండదు. రేషన్ కార్డులో నేను ఫలానా వారి భార్యని. గాలిలో మాత్రం నేనంటే ఆ పేరే.

నేను మాట్లాడే పద్ధతిలో గొంతుతో పని లేదు. చాలా తక్కువ పవర్‌తో పంపిన సంకేతాన్ని, చెవికి అసలు వినపడనిదాన్ని, అవతల కంప్యూటర్ పట్టుకుని అక్షరాలుగా చూపిస్తుంది. కాసేపు మన వంతు, కాసేపు అవతలివాళ్ల వంతు. ఒక్కో వంతులో పదమూడు అక్షరాలకి మించి సొంత మాట పట్టదు. ఆలస్యంగా చదువుకున్నదానికి అదే సుఖం. ఎవరు వింటున్నారో ఇంటర్నెట్‌లో మ్యాపు మీద కనిపిస్తుంది. వైజాగ్‌లో ఒక రిటైరైన మాస్టారికి నా సంకేతం రోజూ అందేది.

ఆ ఏడాది వేసవిలో ఇక్కడ వీచే కాలబైశాఖి గాలివానకి మేడ మీద కట్టిన యాంటెన్నా తీగ తెగిపోయింది. చుట్టచుట్టి మంచం కింద పెట్టాను. రేడియో ప్లగ్గు కూడా పీకేశాను. సుభాష్‌పల్లిలో నేను అద్దెకుండే ఇంటికి యజమానులు సున్నం వేయిస్తున్నారు కాబట్టి అది అయ్యాకే తీగ కట్టాలనుకున్నాను.

ఆ రోజుల్లోనే మా ఊరి రేడియోవాళ్లకి పెద్ద, మేమంతా దాదా, అంటే అన్నా, అని పిలిచే మనిషి ఇంటికి వచ్చాడు. బెంగాలీ అయినా మా మధ్య ఉండి తెలుగు బాగానే మాట్లాడతాడు, నన్ను మాత్రం బౌదీ అంటాడు, వదిన అని.

"బౌదీ, మెషీన్ దానంతటదే కొట్టేలా వదిలేసి తిరుగుతున్నావా? లేకపోతే నీ పేరుతో ఇంకెవడైనా నడుపుతున్నాడా? ఫిర్యాదు రాస్తే లైసెన్సు పోతుంది, తెలుసా?"

మ్యాపు తెరిచి చూపించాడు. ఆ పొద్దున కూడా నా పేరు వైజాగ్‌లో వినపడింది.

మంచం కింద తీగ చూపించాను. నమ్మలేదు. చదువు రానిదానికి ఇదంతా ఎలా వస్తుందని మొదటి నుంచీ అతని అనుమానం. ఆ చూపు నాకు తెలుసు. నా లైసెన్సు నిజంగానే పోతుందనిపించింది.

మాస్టారికి ఫోన్ చేసి, తన తెర ఫోటో పంపమన్నాను. చూశాక ఫోన్ బల్ల మీద బోర్లించేశాను.

ఆ తెర మీద ఒక్కో సంకేతం ఒక్కో గీతగా పైనుంచి దిగుతుంది. అందరివీ తిన్నగా ఉంటాయి. మా ఆయన సెట్టు వేడెక్కితే స్థిరంగా ఉండేది కాదు, అందుకని ఆయన గీత ఎడమకి వాలిపోయేది, విరగబోయే వెదురు కర్రలా. తన గీత చూసుకోవడానికి పక్కనే ఇంకో రిసీవర్‌ని కంప్యూటర్‌కి తగిలించి పెట్టుకునేవాడు. టీ ఇవ్వడానికి వెళ్లినప్పుడల్లా చూసేదాన్ని. అక్షరాలు రాని రోజుల్లో ఆ తెర మీద నేను చదవగలిగింది ఆ గీత ఒక్కటే.

మాస్టారు పంపిన ఫోటోలో గీత ఎడమకి వాలి ఉంది. దాని పక్కన నా పేరు.

లక్ష్మికి చెబితే దానికి కళ్లలో నీళ్లు తిరిగాయి. "నాన్న నిన్ను తలుసుకుంటన్నాడేమోనే అమ్మా."

"తలుసుకోడానికి నా పేరే దొరికినాదేటి? బతికున్నన్నాళ్లు ముట్టనివ్వనోడు ఇప్పుడు నా పేరెట్టుకుని ఊరేగుతాడేటి?"

సున్నం పని అయ్యాక తీగ మళ్లీ కట్టించాను. దాదాని పిలిచి పక్కన కూర్చోబెట్టాను. మిట్టమధ్యాహ్నం, ఎండ గదిలోకి పడుతోంది. సంకేతం పంపకుండా వినడానికి మాత్రమే పనికొచ్చేలా రేడియోని దాదా చేతనే సర్దించాను.

వర్క్‌షాపు సైరన్ మోగిన కాసేపటికి వాలు గీత దిగింది. అక్షరాలు పడ్డాయి. ఎవరైనా ఉన్నారా అని లోకాన్నంతా పిలిచే మామూలు పిలుపు. పిలుస్తున్నది నా పేరుతో. నేను దాదా పక్కన, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాను.

దాదా ముఖం పాలిపోయింది. అతనికీ ఆ గీత తెలుసు. మా ఆయనా అతనూ ఏళ్ల తరబడి గాలిలో మాట్లాడుకున్నవాళ్లే కదా. చెప్పులు విప్పి గుమ్మంలోకి తోసి, తెరకి రెండు చేతులూ జోడించాడు. "బౌదీ, నీ అదృష్టం. ఒక దండ తెప్పించు."



"నా ఇంట్లో దానికి దండం ఎట్టకు దాదా," అన్నాను.

రేడియో పంపేలా మళ్లీ సర్దుకున్నాను. ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే వెతుక్కుని 'నా పేరు నాది' అని కొట్టాను. పదమూడులోపే పట్టింది. పంపాను.

నా వంతు అయిపోయింది. అవతలివాళ్ల వంతు మొదలైంది. గీత దిగింది, ఎడమకి వాలుతూ. పక్కన అక్షరాలు పడ్డాయి.

నా పేరు నాది.

రేకు డబ్బా పారబోసే పొద్దుల్లో నోట్లో ఊరే చేదు నీళ్లు అప్పుడు మళ్లీ ఊరాయి. పెరట్లోకి వెళ్లి ఉమ్మేసి వచ్చాను. గదిలో దాదా లేడు. చెప్పులు గుమ్మంలోనే ఉన్నాయి.

సాయంత్రం మాస్టారు ఫోన్ చేశాడు. "అదేంటమ్మా, ఒకే మాట రెండుసార్లు పంపారు? మొదటిది తిన్నగా వచ్చింది, రెండోది వాలిపోయింది. సెట్టు చూపించుకోండి."

ఎవరైనా ఆట పట్టిస్తున్నారేమోనని నేనూ అనుకున్నాను. ఆ వాలు ఎవరు తెస్తారు? ఆ సెట్టు మా వాకిట్లో ముక్కలైంది. మా ఇంటి చుట్టుపక్కల రేడియో ఉన్నవాళ్లు ఎవరూ లేరు. దాదా ఫిర్యాదు రాయలేదు. కొత్త కాల్ సైన్‌కి దరఖాస్తు పెట్టుకోమని మాత్రం కబురు పంపాడు. లక్ష్మి గయకి వెళ్లి పిండం పెట్టిద్దామంది. పెట్టించాం కూడా. ఏమీ మారలేదు.

ఆ గీత ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తుంది. ఎక్కడి నుంచి వస్తుందో, ఏ సెట్టు నుంచి వస్తుందో నాకు తెలియదు. చెప్పగలిగినవాళ్లు కూడా దొరకలేదు. వచ్చినప్పుడల్లా నేను ఆ మూడు ముక్కలే కొడతాను. అది కూడా ఆ మూడు ముక్కలే తిరిగి కొడుతుంది. ఒక్కోసారి టీ చల్లారిపోయేదాకా ఇదే జరుగుతుంది. నోరంతా చేదు.

అవతలికి మాత్రం పోను.