వరుస తప్పిన రీలు

మొన్న బెంగుళూరులో దేశదేశాల సినిమాల ఉత్సవం జరుగుతోందని మా అత్త కూతురు నన్ను పట్టుబట్టి పిలుచుకుపోయినప్పుడు, ఆ మెత్తటి కుర్చీలో కూర్చున్నానన్న మాటే గానీ నా చేతిలో జపమాల పూస ముందుకు కదల్లేదు. సిపాయి టోపీ పట్టుకున్న ఆడమనిషి బొమ్మ పేపర్లో చూసి, ఇది వాళ్లమ్మ ఎప్పుడూ చెప్పే సినిమా అని ఆమె పోల్చుకుందట. ఆ సినిమా చిన్నప్పుడు పెనుకొండలో మా నాయన డేరాలో నేనూ చూశాను. దాని చివర నిజంగా ఏం జరుగుతుందో బతికున్నవాళ్లలో నాకొక్కదానికే తెలుసనీ, ఇంకాసేపటికి ఈ పిల్లకూ తెలిసిపోతుందనీ నా భయం.

నా ఈడు వాళ్లకు డేరా సినిమాల సంగతి చెప్పనక్కర్లేదు. మగవాళ్లకూ ఆడవాళ్లకూ మధ్య పరదా, కూర్చోవడానికి ఇసుక, ఉన్నది ఒక్కటే మిషను కాబట్టి ఒక రీలు అయిపోయి ఇంకోటి ఎక్కించేదాకా దీపాలు వెలిగించుకుని వేరుశనక్కాయలు వొలుచుకోవడం. నేను బడి ముఖం చూడలేదు, అవ్వ పక్కన కూర్చుని రామనామం రాస్తూ అక్షరాలు నేర్చుకున్నదాన్ని. లోకాన్ని కాస్తో కూస్తో చూశానంటే అది నాయన డేరాలోనే, అందుకు ఆ స్వామికి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

ఉత్తరాన సరిహద్దులో యుద్ధం జరిగిన ఏడాది అది. నాయన చెల్లెలు, అంటే మా అత్త, ధర్మవరం నుంచి తొలి కాన్పుకు మా ఇంటికి వచ్చి ఉంది. మామ పట్టాళంలో ఉన్నాడు. యుద్ధం ఆగిందని రేడియోలో చెప్పినా ఆయన సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. పోస్టుమాను సైకిలు గంట వినబడితే ఇల్లంతా ఊపిరి బిగబట్టుకునేది. అత్త అన్నం మానేసింది, కంచం ముందు కూర్చోవడం, కలపడం, లేచిపోవడం. మంత్రసాని ఆమె కడుపు పట్టి చూసి, బయటికొచ్చి అవ్వతో మెల్లగా అంది: "ఇట్లే పస్తులుంటే బిడ్డ దక్కదమ్మా. తల్లి మాట గూడా నేను చెప్పలేను."

అప్పుడే మద్రాసులో ఇటువంటి ఉత్సవమే జరిగి, ఆ విదేశీ సినిమాల్లో ఒకదాని పెట్టె హిందూపురం దాకా వస్తే, నాయన అక్కడి సినిమాహాలు యజమానిని బతిమాలి ఒక్క ఆటకు పెనుకొండకు తెచ్చాడు. రైలు దిగేసరికి జడివాన, పెట్టెలో నీళ్లు పోయి రీళ్ల డబ్బాల మీది వరుస నంబర్ల కాగితాలన్నీ ముద్దయిపోయాయి. పల్లెటూరి కథ, పైర్లూ మేకలూ ఉంటాయని ఎవరో చెబితే, మనసు మళ్లుతుందని అత్తను కూడా తీసుకురమ్మన్నాడు నాయన.

భాష ఒక్క ముక్క తెలియకపోయినా కథ తెలుస్తూనే ఉంది. ఒక రైతు పట్టాళానికి పోయాడు. అది చూడగానే అవ్వ నా చేయి గట్టిగా పట్టుకుంది, లేచిపోదామంటే అత్త కదల్లేదు. రీలు మారినప్పుడల్లా దీపాల వెలుగులో అవ్వా నేనూ అత్త ముఖమే చూశాం. చివరికి కోత అయిపోయి మోళ్లు మిగిలిన చేని గట్టు మీద నిలబడి ఉన్న ఆ రైతు భార్య చేతిలో, ఇద్దరు సిపాయిలు ఒక టోపీ తెచ్చి పెట్టారు. అత్త వేసిన కేకకు పరదా అవతలి మగవాళ్లు కూడా లేచి నిలబడ్డారు.

నాయనను పిలవమని అవ్వ తరిమితే మిషను దగ్గరికి పరుగెత్తాను. అక్కడ ఆపరేటరు ఒక డబ్బా నాయనకు చూపిస్తున్నాడు.

"తప్పైపాయన్నా. ఇంగొకటి మిగిలిపోయిండాది. ఇది ముందు ఎయ్యాల్సిన రీలు."

నాయన దాన్ని లాక్కుని, ఫిలిం మూరెడు లాగి లాంతరుకు అడ్డంపెట్టి చూశాడు. "ఏముండాది దీంట్లో?"

"ఆయప్ప సెలవు మీద ఇంటికొస్తాడేమో అన్నా. పెండ్లాం బువ్వ పెడతాంది, సూడు."

ఆడవాళ్ల వైపు నుంచి ఏడుపు వినబడుతూనే ఉంది. నాయన ఒక్క క్షణం అటు చూసి, "ఇప్పుడే ఎక్కించు. ఇదే ఆఖరుదని చెప్పు" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "పాపా, ఈ మాట నీ నోరు దాటగూడదు" అన్నాడు.

మళ్లీ దీపాలు ఆరాయి. వెన్నులు వేసి ఊగుతున్న పైరు మధ్యన ఆ సిపాయి నవ్వుకుంటూ నడిచి వచ్చాడు. డేరా అంతా ఒక్కసారిగా గోల చేసింది. "వచ్చినాడే! బతికే ఉండాడు!" అని ఒకామె చేతులు జోడిస్తే, వెనకనుంచి ఒక ముసలమ్మ, "టోపీ పారేసుకోని పెండ్లాన్ని ఎంత ఏడిపించినావురా, సచ్చినోడా!" అని తిట్టింది. అత్త మాత్రం రెప్ప వేయకుండా తెరవైపే చూసింది. ఇంటికి రాగానే, "అమ్మా, అన్నముంటే రవ్వంత పెట్టు" అంది.

ఆ పూట నుంచి తిన్నది. పండులాంటి ఆడపిల్ల పుట్టింది. బాలింతగా ఉండగానే మామ ఇక రాడని కబురొచ్చింది. బిడ్డ భూమ్మీద పడేదాకా ఆ కబురును దేవుడే దారిలో ఆపాడని అవ్వ పోయేదాకా అంటుండేది, నేనూ అదే నమ్మాను. నాయన మాత్రం చెల్లెలిని మోసం చేశానని లోలోపల కుమిలిపోతూనే కన్నుమూశాడు.

ఆ బిడ్డే మొన్న నా పక్కన కూర్చున్నది. ఈసారి రీళ్లన్నీ వరుసగానే వచ్చాయి. సిపాయి పైరులోంచి వచ్చాడు, తిన్నాడు, వెళ్లాడు. ఆ తర్వాత కోసిన చేను, టోపీ. దీపాలు వెలిగాక ఆమె ముఖం చూడలేక తలవంచుకున్నాను. ఆమే నా చేయి పట్టుకుంది.

"అమ్మకు తెలుసులే వదినా. కోసిన చేన్లో మళ్లీ పైరు యాడ నుంచి వస్తాది, రైతు బిడ్డను, నాకా మాత్రం తెలీదా అని నవ్వేది. మా అన్న నాకోసం ఆయప్పను బతికిచ్చినాడు గదా, నాలుగు ముద్దలు తినకుంటే ఎట్ల అనేది."

ఇప్పుడు రీళ్లూ లేవట, డబ్బాలూ లేవట, వానకు తడిసే కాగితాలూ లేవు. ఏది ముందు రావాలో అదే ముందు వస్తుంది, మంచిదే. కానీ డేరా ఎత్తేసిన ఇన్నేళ్లకు, అంత గొప్ప హాల్లో, అన్ని దేశాల మనుషుల మధ్య, నాకు ఆ ఇసుకలో కూర్చున్న అత్తే కనిపించింది. అన్న మనసు కష్టపడుతుందని, తెలిసి తెలిసి అన్నం అడిగిన అత్త. ఆ మాట నాయన ఒక్కసారైనా విని పోయుంటే ఎంత బాగుండేదో!