నాయిన తీసిన ఛాతీ కొలత

ఆ రోజుల్లో అమీర్‌పేటలో ఆకాశానికి కొదవ లేదు. ఇళ్ళు తక్కువ, తోటలూ జొన్నచేలూ ఎక్కువ. పంజాగుట్ట వైపు పోతే బండరాళ్ళు, అవతల ఎర్రమంజిల్ గుట్ట, మళ్ళీ ఆకాశమే. ఇవాళ అక్కడ నిలబడి పైకి చూస్తే నాలాంటి ముసలివాణ్ణి ఎవడో ఒకడు బండితో గుద్దిపోతాడు గాని, అప్పుడు నడిబాటలో నోరు తెరుచుకుని ఎంతసేపు నిలబడ్డా అడిగేవాడు లేడు. నేను అలా నిలబడే పెరిగాను. బేగంపేట మైదానం నుంచి లేచే గాలిమోటర్లు చూడటమే నాకు పని. (విమానమనే మాట మాకు హరికథల్లోనే తెలుసు. మా నోట అది గాలిమోటరే.) యుద్ధం వచ్చాక అవి పొద్దస్తమానం మా ఇంటి మీదుగా తిరిగేవి. "జర అటుదిక్కు పోరాదుండ్రి, కోళ్ళు బెదురుతున్నయి!" అని మా అవ్వ చీపురెత్తి వాటిని అదిలించేది.

నాయిన దర్జీ. తాతల నాటి నుంచి మగ్గం నేసిన ఇల్లు మాది. మగ్గం అన్నం పెట్టని రోజులొచ్చి, ఊరు విడిచి ఇక్కడ కుట్టుమిషను ముందు కూర్చున్నాడు. కూర్చున్నాడన్న మాటే గాని, గుడ్డ నేసిన చేతులకు గుడ్డ కోయడమంటే ప్రాణం మీదికొచ్చేది. కత్తెర పట్టుకుని "కోసింది మళ్ళ అతుకుతదా?" అని తనలో తనే గొణుక్కునేవాడు. అందుకే పిల్లల కొలతలు ఆయన ఎన్నడూ ఉన్నదున్నట్టు తీయలేదు. టేపు చుట్టి, దాని కింద తన రెండు వేళ్ళు దూర్చి, "పెరిగే పిల్లగాడు" అంటూ ఆ వేళ్ళను కూడా కలిపి కొలిచేవాడు. ఆయన కుట్టిన చొక్కా భుజాలు నాకు మోచేతుల దాకా వచ్చేవి. ఒంటికి సరిపోయే నాటికి చొక్కా చిరిగి ఉండేది. బడిలో పంతులు హాజరు పిలుస్తూ నా పేరు రాగానే, "చొక్కా వచ్చింది, లోపల మనిషి ఉన్నాడా?" అని అడిగేవాడు.

మా మేనత్త కొడుకు, నాకంటే పెద్దవాడు, నాకు బావ. తల్లీతండ్రీ పోయి చిన్నప్పటి నుంచీ మా ఇంట్లోనే పెరిగాడు. పంజాగుట్టలో సైకిలు దుకాణంలో పనిచేసేవాడు. ఇద్దరికీ ఒకటే పిచ్చి, ఫౌజులో చేరి గాలిమోటరు నడపాలని. తగాదా అల్లా దారి దగ్గరే. నేను మెట్రిక్ పాసయ్యాను, నాలుగు ఇంగ్లీషు ముక్కలొచ్చు, కాబట్టి నేరుగా పైలటు పరీక్షకే పోవాలని నా వాదం. బావకు చదువు లేదు.

"నువ్వు ఎగిరి మిద్దెక్కుతనంటున్నవ్ బామ్మర్దీ," అనేవాడు. "నేను నిచ్చెనేసుకుంట. ముందుగాల మిస్త్రిగ పోత, ఇంజన్లు సాఫ్ జేస్త. ఒకనాడు ఎవడన్న నన్ను సుత ఎక్కుమనకపోతడా?"

"మిస్త్రీలనెవడు ఎక్కిస్తడు బావా? నేను పైకెల్లి చెయ్యి ఊపుత, నువ్వు కిందికెల్లి ఊపు," అని నేను పగలబడి నవ్వేవాణ్ణి.

పైలటుకు ఛాతీ ఇంత ఉండాలని ఒక నియమం ఉందని విన్నాం. ఇంట్లో దర్జీ ఉండగా మనకేం ఫికర్? నాయిన టేపు చుట్టి, చూసి, "సరిపోయింది కొడుకా, ఇంకింత మిగిలింది" అన్నాడు. టేపు కింద రెండు వేళ్ళున్నాయన్న సంగతి ఆయనకూ తట్టలేదు, నాకూ తట్టలేదు. నేను ఆ క్షణం నుంచే ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని నడవడం మొదలుపెట్టాను.

బావా నేనూ కలిసే సికింద్రాబాదు పోయాం. అతను మిస్త్రీల వరుసలో, నేను పైలట్ల వరుసలో. నా వంతు వచ్చేసరికి ఫౌజీ డాక్టరు చొక్కా విప్పమన్నాడు. విప్పాను. ఆయన ఒకసారి చొక్కాను చూశాడు, ఒకసారి నన్ను చూశాడు, మిగతా మనిషి ఎక్కడున్నాడన్నట్టు నా వెనక్కి కూడా చూశాడు. తర్వాత టేపు చుట్టి తల అడ్డంగా ఊపాడు. నేను ఊరుకున్నానా? "సాబ్, మీ టేపు తప్పు. మా నాయిన దర్జీ, ఆయన టేపు తప్పదు" అని ఉర్దూలో వాదానికి దిగాను. వరుసంతా గొల్లుమంది. డాక్టరు మంచివాడు, కోప్పడలేదు. మళ్ళీ కొలిచాడు. నేను ఊపిరి బిగబట్టి, కళ్ళు తేలేసి, బెల్లంపాకం రంగుకొచ్చాను గాని ఆ టేపు మాత్రం కదల్లేదు. సరిగ్గా రెండు వేళ్ళంత తక్కువ. బయటికొచ్చేసరికి బావ కాగితం పట్టుకుని నిలబడి ఉన్నాడు. అతన్ని తీసుకున్నారు. నన్ను చూసి ఆ కాగితం జేబులో దాచేసుకున్నాడు.

ఇంటికొచ్చి చెబితే నాయిన టేపు తీసి, దాని కింద తన రెండు వేళ్ళు దూర్చి చూసుకున్నాడు.

"నీ కొలత నేనెన్నడు తీసిన్రా?" అన్నాడు. "రేపు నువ్వెంతయితవో గదే తీస్తుంటి."

బావ నా వీపు చరిచి, "ఏడాది ఆగు బామ్మర్దీ. దండీలు తియ్యి, ఛాతి పెంచుకొని రా. గప్పటికి నేను ఇంజన్లన్ని సాఫ్ జేసి పెడ్త" అన్నాడు. వెళ్ళే ముందు నాయిన దగ్గర చేరి మారాం చేశాడు. "మామా, గీసారి వదులు పెట్టకు. నా పెరుగుడు అయిపోయింది. ఒంటికి పట్టినట్టు కుట్టు, ఫోటువ దిగాలె." నాయిన నవ్వి, మొదటిసారి వేళ్ళు తీసేసి కొలిచాడు. ఆ చొక్కాలో బావ ఎంత బాగున్నాడో చెప్పలేను. మా అవ్వ దిష్టి తీసింది.

ఇక నేను కసరత్తు చేసే తాలీముఖానాలో పడ్డాను. పొద్దున్నే దండీలు, తర్వాత గంగాళమంత చెంబుతో పాలు, సందెవేళ సున్నుండలు. ("గీ పిల్లగాడు గాలిమోటరెక్కేలోపట మనం బిచ్చమెత్తుకుంటం" అనేది అవ్వ, మరో ఉండ చేతిలో పెడుతూనే.) బావ దగ్గర్నుంచి ఎవరిచేతనో రాయించిన ఉత్తరాలు వచ్చేవి. బర్మా దిక్కున ఉన్నాడట, ఇంజన్లు బాగున్నాయట. ఆఖరి ఉత్తరంలో, బాగుచేసిన మోటరును పైన తిప్పి చూసేటప్పుడు తననూ ఎక్కించుకుంటామన్నారని రాయించాడు. "నిచ్చెన చివరికొచ్చిన బామ్మర్దీ" అని ముగింపు.

ఆ తర్వాత బేగంపేట నుంచి సైకిలు మీద ఒక ఫౌజీ మనిషి వచ్చి, మా వాకిట్లో దిగి, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. బావ ఎక్కిన మోటరు మళ్ళీ దిగలేదు. అతను పైకి పోవడం అదే మొదలు. నేను కింద నుంచి చెయ్యైనా ఊపలేదు.

నాయిన ఏడవలేదు. మిషను ముందు కూర్చుని, "పెరుగుడు అయిపోయిందన్నడు. నేను ఇన్న. జర వదులు పెట్టకపోతిని" అన్న మాటే అంటూ ఉండిపోయాడు. అప్పటి నుంచి ఆయన ఎవరికీ ఒంటికి పట్టేట్టు కుట్టలేదు. పెళ్ళికొడుకులు తగాదాకొచ్చేవారు. పళ్ళూడిన ముసలాయన వచ్చి, "నేనింక యాడ పెరుగుతనయ్యా?" అని మొత్తుకున్నా సరే, రెండు వేళ్ళు పెట్టందే ఊరుకునేవాడు కాదు. వచ్చినవాళ్ళు నవ్వుకునేవారు. మేం నవ్వలేకపోయేవాళ్ళం.

ఏడాది గడిచింది. నేనొకరోజు చొక్కా తొడుక్కుంటే చంకల్లో పట్టేసింది, గుండీ పడలేదు. పుట్టి బుద్ధెరిగాక నాయిన కుట్టిన చొక్కా నాకు బిగుతవడం అదే మొదలు. నాయిన ముందు నిలబడి, "ఓసారి కొలువు నాయినా" అన్నాను. ఎందుకని ఆయన అడగలేదు. టేపు చుట్టాడు. ఈసారి వేళ్ళు పెట్టలేదు. పైగా టేపును ఊపిరాడనంత గట్టిగా గుంజాడు.

"ఇంక తక్కువనే ఉన్నది బిడ్డా," అన్నాడు, నా ముఖం చూడకుండా.

తక్కువ లేదని నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకూ తెలుసు. "అట్లనా నాయినా" అని చొక్కా విప్పి ఆయన చేతికిచ్చాను. దాన్ని ఆ సాయంత్రమే వదులు చేసిపెట్టాడు. నేను తర్వాత గుమాస్తాగిరీలో చేరి, కుర్చీలో కూర్చునే ముసలివాణ్ణయ్యాను.

నాయిన పోయి చాలా ఏళ్ళయింది. ఆయన నాకు కుట్టిన ఆఖరి చొక్కా ఉంది. మొన్న తీసి తొడుక్కుంటే భుజాలు మళ్ళీ మోచేతుల దాకా వచ్చాయి. అదే వేషంతో వాకిట్లోకి వెళ్ళాను. పైన ఏదో గాలిమోటరు పోతోంది. పక్కింటి వాళ్ళు ఏమనుకుంటారో అని అటూ ఇటూ చూసి, ఆ వదులు చొక్కా చేతిలోంచి చెయ్యి పైకి తీసి, అది కనుమరుగయ్యేదాకా ఊపాను.