శని గారితో పరిచయం

మస్కట్‌లో ఏసీలు బాగుచేసి వచ్చిన ఆయన్ని మా వీధంతా మస్కట్ బాబాయి గారనేది. వస్తూ ఒక స్మార్ట్ టెలిస్కోప్ తెచ్చారు. దానికి కన్ను ఆనించి చూసే పని లేదు. మేడ మీద పెడితే కొబ్బరాకుల సందులోంచి గ్రహాన్ని అదే వెతుక్కుని, బొమ్మను ఫోనులోకి పంపేది. బడి మధ్యలో ఎగ్గొట్టిన నాకు నాలుగు గ్రహాలు తెలిశాయంటే ఆయన చలవే.

ఆయన ఏ గ్రహాన్నీ ఊరికే చూపించేవారు కాదు. ముందు మర్యాదగా పరిచయం చేసేవారు. "గురుడు గారండీ, వీరు రాజోలు నుంచి వచ్చేరండి" అని ఆకాశానికి చెప్పి, తర్వాత మాకు కుర్చీలు వేసేవారు.

పిన్ని గారు మాత్రం మేడ ఎక్కేవారు కాదు. "శనిని పిలిచి మరీ పరిచయం చేస్తారేంటండీ? ఆయన చూపు పడితే ఇల్లు గుల్లే" అనేవారు. ఊరంతా చూసినా ఆవిడ చూడలేదని బాబాయి గారి దిగులు.

ఓ సాయంత్రం బతిమాలి పైకి తీసుకొచ్చారు. "శని ఎవర్నీ ఏమీ చెయ్యడు. ఉత్త గాలి ముద్ద. నువ్వే చూడు."

ఆవిడ మొహానికి కొంగు అడ్డం పెట్టుకుని, పక్కనుంచి ఫోనులోకి తొంగి చూశారు. కాసేపటికి కొంగు తీసేశారు.

"ఆయన నడుముకి అదేంటండీ? వడ్డాణమా?"

"ఆయ్, అలాగే ఉంటుంది" అన్నారు బాబాయి గారు మురిసిపోతూ.

"మస్కట్‌లో అన్నేళ్ళున్నారు. శనికి కూడా ఉంది. మరి నాదేదండీ?"

మర్నాడే ఇద్దరూ అమలాపురం బంగారం కొట్టుకి వెళ్ళారు.

తర్వాత కూడా బాబాయి గారు మాకు చంద్రుణ్ణి, గురుణ్ణి చాలాసార్లు చూపించారు. శని ఎవర్నీ ఏమీ చెయ్యడని మాత్రం మళ్ళీ అనలేదు.