మోకుకి రెండో కొస

మా పెద్ద టీచరుగారు పోయారు. మొన్న మంగళవారం పొద్దున నేను బడి గేటు తాళం తీస్తుంటే వంటామె గరిటె చేత్తోనే ఎదురొచ్చింది. "బందరు నుంచి ఫోనొచ్చిందండి. మన పెద్ద టీచరుగార్ని ప్రభువు పిలుచుకున్నాడంట" అంది. దసరా సెలవుల్లో ఒంట్లో బాగోలేదని ఆస్పత్రికి వెళ్ళిన మనిషి మళ్ళీ బడికి రానేలేదు. వస్తారనే అనుకున్నాను. రోజూ రెండు కుర్చీలూ తుడిచి వేస్తూనే ఉన్నాను.

మాది ఘంటసాల దాటాక పొలాల మధ్య ఉండే చిన్న ప్రాథమిక పాఠశాల. ఇద్దరమే టీచర్లం. ఆవిడ బందరు నుంచి బస్సులో వచ్చేవారు. చెప్పులు మెట్టు కింద, హ్యాండుబ్యాగు కిటికీ ఊచకి, గొడుగు తలుపు వెనక. వాటి చోటు ఏనాడూ మారలేదు. నేను గుడివాడ నుంచి బదిలీ మీద వచ్చాను. నా భార్య చనిపోయింది ఆ ఏడాదే. మాకు పిల్లల్లేరు. ఇంటర్వెల్ గంట కొట్టగానే పిల్లలు బయటికి పరిగెత్తేవారు. నేను గదిలోనే కూర్చుని, ఎవరూ చెయ్యని ఫోన్ని అటూ ఇటూ తిప్పుకుంటూ ఉండేవాణ్ణి.

ఆవిడ నన్ను ఓదార్చలేదు. దేవుడి మాటా ఎత్తలేదు. ఒకరోజు గుమ్మంలోకి వచ్చి ఒక లావుపాటి తాడు కొస నా చేతిలో పెట్టారు. ట్రాక్టరు మీద ధాన్యం బస్తాలు కట్టే పాత మోకు. ఎవరో రైతుని అడిగి తెచ్చుకున్నారు.

"ఒక్కదాన్నే తిప్పలేకపోతున్నాను మాష్టారూ. అటు కొస పట్టుకోండి."

"నేనా? తాడాటా? ఊళ్ళోవాళ్ళు చూస్తే నవ్వుతారండీ."

"నవ్వనీండి. వాళ్ళు కాసేపు నవ్వుకున్నట్టుంటుంది, మీరు కాసేపు బయట ఉన్నట్టుంటుంది."

అంతకుముందు మా బళ్ళో ఆటలంటే ఐదో తరగతి మగపిల్లల క్రికెట్టే. గ్రౌండంతా వాళ్ళదే. చిన్నపిల్లలూ ఆడపిల్లలూ గోడ వారన బంతి తగలకుండా నిలబడేవారు. ఆవిడ గ్రౌండుకి అడ్డంగా ముగ్గుతో గీత గీసి సగం చిన్నవాళ్ళకిచ్చారు. మగపిల్లలు అలిగారు. నాలుగు రోజులయ్యాక వాళ్ళూ వచ్చి తాడు దగ్గర వరసలో నిలబడ్డారు.

వానాకాలంలో మా నల్లమట్టి కాలు పెడితే వదలదు. ఇసుక తోలించమని ఆవిడ ఒక రైతు వెంటపడ్డారు. "బెంచీలడగండి ఇస్తాం. ఆటలకి ఇసకేంటండీ టీచరుగారూ?" అన్నాడాయన. "బెంచీ మీద కూర్చోవాలంటే మీవాడు ముందు బడికి రావాలిగా బాబూ" అన్నారీవిడ. ఆ వారంలోనే ఇసుక వచ్చింది.

మధ్యాహ్నం ఆట ముందు, అన్నం తర్వాత అని మార్చింది కూడా ఆవిడే. "అన్నం చల్లారిపోద్దండీ" అని వంటామె గొణిగింది. అప్పటిదాకా పిల్లలు ఆట మీద ధ్యాసతో సగం అన్నం పారేసి పరిగెత్తేవారు. ఆడి వచ్చాక మాత్రం ఆవురావురుమంటూ తినేవారు. వంటామె మళ్ళీ గొణగలేదు.

ఆటల పీరియడ్‌లో లెక్కలు చెప్పుకుంటానని నేనడిగితే మాత్రం ఆవిడకి కోపం వచ్చేది. "లెక్కలెక్కడికీ పోవు మాష్టారూ. ఐదో తరగతి అవ్వగానే పిల్లలే పోతారు" అనేవారు. నేను వెళ్ళి మోకు తీసుకొచ్చేవాణ్ణి.

ఎవరైనా పిల్ల విడిగా నిలబడితే, వెళ్ళి ఆడుకో అని ఆవిడ ఎప్పుడూ అనలేదు. పమిట నడుముకి దోపుకుని, "నా చెయ్యి లాగేస్తోందమ్మా, కాసేపు పట్టుకోవూ" అని పిలిచేవారు. ఆ పిల్ల వచ్చి ఆవిడ చేతి మీద చెయ్యి వేసి తిప్పేది. కాసేపటికి తనే వెళ్ళి వరసలో నిలబడేది. నన్నూ అలాంటి మాటతోనే పిలిచారని నాకు చాలా రోజులకి గానీ తట్టలేదు. మోకు తిప్పేటప్పుడు వేరే ఆలోచన సాగదు. పిల్లల కాళ్ళు చూడాలి, అవతలి చెయ్యి చూడాలి. బుజ్జివాళ్ళ వంతు వస్తే ఆవిడ కనుబొమ్మ ఎత్తేవారు, ఇద్దరం నెమ్మది చేసేవాళ్ళం. తాడు పైకి లేవగానే "ఇప్పుడు!" అని ఆవిడ అరిచేవారు, పిల్ల దూకేది. ఆ కాసేపు నాకు ఇల్లు గుర్తొచ్చేది కాదు.

బుధవారం బందరు వెళ్ళాను. సమాధుల దగ్గర అందరూ ఆవిడ బంధువులే. మీరెవరండీ అని ఒకాయన అడిగితే, కలిసి పనిచేశామండీ అన్నాను. కలిసి తాడు తిప్పామని చెప్పాలనిపించింది, చెప్పలేకపోయాను. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఏడ్చాను.

నిన్న పిల్లలే మేకు మీంచి మోకు దించి తెచ్చి నా ముందు పెట్టారు. ఆవిడ వెళ్ళాక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. నేను ఒక కొస పట్టుకుని, రెండో కొస ఎవరికిద్దామా అని ఆవిడలాగే చుట్టూ చూశాను. గోడ వారన ఎవరూ లేరు. మెట్ల మీదా ఎవరూ లేరు. అందరూ అప్పుడే వరస కట్టేశారు. బళ్ళో విడిగా ఉన్నది నేనొక్కణ్ణే.

ఆ కొస తీసుకెళ్ళి వరండా స్తంభానికి కట్టాను. తిప్పడం మొదలుపెట్టాను. వరసలో ముందున్న ఒకటో తరగతి పిల్ల తాడు వంకే చూస్తోంది గానీ దూకడం లేదు. ఎప్పుడు దూకాలో చెప్పేవాళ్ళు లేరు. ఆ మాట ఎప్పుడూ ఆవిడదే, నేను తిప్పుతూనే ఉన్నాను. తాడు ఊరికే నేలకి కొట్టుకుంటోంది.

అప్పుడు వెనక వరసంతా ఒక్కసారే అరిచింది, "ఇప్పుడు!"

పిల్ల దూకింది. తాడు తగల్లేదు. చూశారా టీచరుగారూ అన్నట్టు తలెత్తి ఆవిడ నిలబడే కొస వైపు చూశాను. స్తంభానికి నేను వేసిన ముడి గట్టిగానే ఉంది.