వల ఇంటికొచ్చాక

నా చిన్నప్పుడు నాకు నోటిదురుసు ఎక్కువ. దానికి ఇంగ్లీషు తోడైంది. పులికాట్ ఒడ్డున ఉన్న మా ఊరి నుంచి సూళ్లూరుపేట బడికి వెళ్లేవాణ్ణి. అక్కడ ఉద్యోగుల క్వార్టర్స్ పిల్లల దగ్గర పాఠాల కంటే ముందు నేర్చుకున్నవి సణుగుడు మాటలే. బోర్, వేస్ట్, న్యూసెన్స్, టూ మచ్. ఇంట్లో పులుసు బోర్, చొక్కా వేస్ట్, మా చెల్లెలు న్యూసెన్స్.

మాది చేపలు పట్టే ఇల్లు. వల భుజానికెత్తుకున్నాక అది తిరిగి ఇంటికి చేరేదాకా ఎవరూ వంకర మాట అనకూడదు. ఉప్పు అయిపోయినా "నిండుకుంది" అనాల్సిందే. ఒకరోజు పొద్దున మా నాన్న వలతో గడప దాటుతుంటే, నేను చద్దన్నం గిన్నెలోకి చూసి "వేస్ట్, అంతా వేస్ట్" అన్నాను. ఆ మాటకు అర్థం ఆయనకూ తెలుసు. వల దించేసి అరుగు మీద కూర్చున్నాడు. బడికి పంపితే నేర్చుకొచ్చింది ఇదా అని, రేపట్నుంచి మానేయమన్నాడు. మా నాన్న అన్నాడంటే అన్నట్టే.

మా తాతయ్య తాపీగా ఆ వల తన భుజానికెత్తుకున్నాడు. "రా అబ్బయా, ఆ మాటన్నోడే గడ వెయ్యాల" అన్నాడు. అలా చేస్తే దోషం పోతుందని మావాళ్ల నమ్మకం. నాన్న కూడా మా వెనకే వచ్చాడు.

గడకర్ర బురదలో గుచ్చి పడవను తోయాలి. మధ్యాహ్నానికి నా అరచేతులు పొక్కిపోయాయి. ఉప్పునీళ్లు తగిలి మండుతుంటే నాకు వచ్చిన ఇంగ్లీషంతా నాలుక చివరికొచ్చింది. నాన్న ముఖం చూసి మింగేశాను. ఇంత చేసినా వలలో పడ్డవి ఒక పూట కూరకే. తాతయ్య నోట మాత్రం ఒక్క మాట రాలేదు.

ఇంటికొచ్చి వల తగిలించగానే ఆయన నడుం పట్టుకుని కూలబడ్డాడు. "ఇంక అనరా, ఎన్నుంటే అన్నీ అను. వలొచ్చినాక కూడా సణక్కపోతే మనిషెట్టా బతుకుతాడు? ముందు నా నడుం నొప్పికో మాట చెప్పు."

భయపడుతూనే "టూ మచ్" అన్నాను. ఆయన నడుం రుద్దుకుంటూ "టూ మచ్చే నాయనా, టూ మచ్చే" అని మూలిగాడు. నాన్న నవ్వాపుకోలేకపోయాడు. కాసేపటికి నా చేతులకు కొబ్బరినూనె రాస్తూ, "రేపు బడికి ఆలస్యం చెయ్యబాక" అన్నాడు. హమ్మయ్య అనుకున్నానో లేదో, ఏడుపొచ్చేసింది నాకు.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. పని మధ్యలో ఎవరు ఎంత విసిగించినా నోరు మెదపను. ఇంటికొచ్చి చెప్పులు విడిచాక మాత్రం నడుం మీద చెయ్యేసుకుని "టూ మచ్" అంటాను. వంటింట్లోంచి మా ఆవిడ అడుగుతుంది, "వలొచ్చిందా?" అని.