మెయిళ్ళను మడతపెట్టిన మధ్యాహ్నం

పదకొండేళ్ళుగా నేను మరొకరికి రావలసిన ఇంట్లో కాపురం ఉంటున్నాను. ఈ ఒక్క వాక్యాన్ని ఇంతకాలం ఎక్కడా రాయలేదు, ఎవరితోనూ అనలేదు. నేను దినచర్య రాసుకునే మనిషిని. పాలవాడు రాని రోజు, గ్యాస్ బండ మార్చిన తేదీ, ఆటోకు ఇచ్చిన చిల్లర, అన్నీ అందులో ఉంటాయి. ఇది లేదు. మరచిపోయి కాదు. మీరెవరో నాకు తెలియదు కనుక మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకు చెప్పే ధైర్యమే ఉంటే ఈ కాగితంతో పని ఉండేది కాదు.

అతని పేరు సింహాచలం అనుకుందాం. బిలాస్‌పూర్‌లో మా రైల్వే ఆఫీసులో అతనిది నా పక్క బల్ల. నా కుటుంబంలాగే అతని కుటుంబమూ తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడ స్థిరపడినది. అతనికి పుట్టుకతోనే చూపు లేదు. వయసులో నాకంటే చిన్నవాడు. మా వైపు అక్కను పిలిచినట్టు నన్ను ‘అప్పా’ అనేవాడు. చూపు లేనివాళ్ళను అప్పట్లో టెలిఫోన్ల దగ్గర కూర్చోబెట్టేవారు. అతను ఆ కుర్చీని కాదని, పై అధికారులతో వాదించి, ఉత్తరప్రత్యుత్తరాల పని సంపాదించుకున్నాడు.

కొత్త మెయిల్ ప్రోగ్రామ్ వచ్చిన రోజు అతని పక్కన కూర్చోమని నన్నే అడిగాడు. తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ అతని చెవిలో గింజలు రాలినట్టు మాట్లాడుతూ ఉంది. నాకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. అతను మౌస్ ముట్టుకోలేదు. మెనూ తెరిచి, బాణం మీటలతో ఒక్కొక్క మెట్టూ దిగి, తనకు పనికిరాని ప్రివ్యూ గడిని మూసేశాడు. జాబితాలో ముందు పంపినవారి పేరు, తరువాత విషయం, చివర తేదీ వినబడేటట్టు వరుస మార్చుకున్నాడు. ఒకే విషయం మీద వచ్చిన మెయిళ్ళను ఒక దాని కిందకు చేర్చే అమరికను తీసేసి, ప్రతి మెయిలూ విడిగా, వచ్చిన క్రమంలో కనబడేలా పెట్టుకున్నాడు. కొత్త మెయిల్ వచ్చినప్పుడు మోగే గంట చెవిలోని గొంతుకు అడ్డం వస్తుందని దాన్నీ ఆపేశాడు.

‘‘ఇప్పుడు సూడప్పా. పేరూ సంగతీ ఇన్నానా, కిందకి దిగిపోతాను. మొత్తం వరస ఇంటే సాయంత్రం అయిపోద్ది,’’ అని నవ్వాడు.

అతని పద్ధతి నాకు అలా తెలిసింది. ప్రతి వరుసలోనూ మొదటి రెండు మాటలు విని, చివరి మాట వినకుండానే కిందికి దిగేవాడు. నమ్మకంతో చెప్పాడు. నేను దాన్ని గుర్తు పెట్టుకున్నాను.

ఆ సంవత్సరం ఆఫీసుకు దగ్గరలో కింది అంతస్తు రైల్వే క్వార్టర్ ఒకటి ఖాళీ అయింది. వరుసలో మొదటి పేరు అతనిది, రెండోది నాది. అతను లాల్‌ఖదాన్‌లో ఉండేవాడు. రోజూ ఉదయం భార్య చేయి పట్టుకుని పట్టాలు దాటించి, షేర్ ఆటో ఎక్కించి వెళ్ళేది. నేను దయాల్‌బంద్‌లో రెండో అంతస్తులో అద్దెకు ఉండేదాన్ని. నీళ్ళు పైకి మోసుకోవాలి. పట్టాలు దాటడం పెద్ద కష్టమా, నీళ్ళు మోయడం పెద్ద కష్టమా? ఆ రోజుల్లో ఈ లెక్క మనసులో ఎన్నోసార్లు వేశాను. ప్రతిసారీ నాకు కావలసిన జవాబే వచ్చేది.

క్వార్టర్ల సెక్షన్‌లోని గుమాస్తా వరండాలో నాతో అన్నాడు: ఇల్లు ఇస్తామని సింహాచలానికి మెయిల్ వెళుతుంది, గడువులోగా సమ్మతి పంపకపోతే అతను వద్దన్నట్టే లెక్క, ఇల్లు తరువాతి పేరుకు వెళుతుంది. ఆ సెక్షన్‌వాళ్ళు కొత్త మెయిల్ రాయరు. మనం ఎప్పుడో పంపిన దరఖాస్తు మెయిల్‌కే జవాబు కొడతారు. ఈ అలవాటు మా ఆఫీసులో అందరికీ తెలుసు.

మరునాడు మధ్యాహ్నం సింహాచలం భోజనానికి వెళ్ళాడు. నేను చేతి గాజులను మోచేతి వైపుకు తోసి బిగించి, అతని బల్ల దగ్గరకు వెళ్ళాను. నా గాజుల చప్పుడుతోనే నేను వచ్చానని అతను పోల్చుకుంటాడు. గదిలో లేని మనిషికి గాజుల చప్పుడు ఎలా వినబడుతుంది? అయినా బిగించాను. చేస్తున్నది ఏమిటో నాకు స్పష్టంగా తెలుసు అనడానికి ఇంతకంటే రుజువు అక్కరలేదు.

అతను ఎప్పుడూ వాడని మౌస్ పట్టుకుని, అతను తీసేసిన, మెయిళ్ళను ఒకదాని కిందకు చేర్చే ఆ అమరికను తిరిగి పెట్టాను. మెయిళ్ళన్నీ మడతలు పడ్డాయి. ఇక ఏ జవాబు వచ్చినా పాత మెయిల్ కిందకు, లోపలికి చేరిపోతుంది. అక్కడ మడత ఉందని స్క్రీన్ రీడర్ చెబుతుంది, కానీ వరుస చివరన, అతను వినని చోట చెబుతుంది.

గడువు పది రోజులు. ఆ పది రోజులూ నేను అతని పక్కనే కూర్చుని పని చేశాను. ఒకరోజు, ‘‘మెయిళ్ళు తగ్గిపోనాయేటప్పా? రైల్వే నిద్దరోతందేటి?’’ అన్నాడు. నేను నవ్వాను. నిజంగానే నవ్వు వచ్చింది. ఇది కూడా చెప్పాలి కదా. భయపడుతూ ఉన్నానని రాస్తే మీకు నా మీద కాస్త జాలి కలుగుతుంది. భయం లేదు. అతను మీటలు టకటకా నొక్కుకుంటూ తన ఇంటిని దాటి కిందకు వెళ్ళిపోతూ ఉంటే, చూస్తూ టీ తాగాను.

ఇల్లు నా పేర వచ్చింది. అతను సంతోషం చెప్పి, తన సంగతి కనుక్కుందామని క్వార్టర్ల సెక్షన్‌కు వెళ్ళాడు. మెయిల్ ఎప్పుడో పంపామని అక్కడ చెప్పారట. తిరిగి వచ్చి చాలాసేపు మీటలు నొక్కాడు. ఆ తరువాత పిలిచాడు.

‘‘అప్పా, ఓసారి ఇలగొచ్చి సూడవా. మెయిళ్ళన్నీ మడతెట్టీసున్నాయి. నాను ఇలగ ఎట్టుకోనేదు.’’

‘‘నువ్వే ఏదో మీట నొక్కీసుంటావు.’’

‘‘నానా?’’

‘‘మరెవరు నొక్కుతారేటి? నీ కంప్యూటర్ ఎవరు ముట్టుకుంటారు?’’

‘‘నా ఏలు అలగ జారదప్పా.’’

‘‘కళ్ళున్నోళ్ళ ఏళ్ళే జారతాయి. నువ్వెంత?’’

అతను మీటల మీద ఉన్న చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ‘‘అచ్ఛా,’’ అన్నాడు. ‘‘జారిపోనాదేమోలే.’’

ఇల్లు తీసుకోవడం ఒక తప్పు. ఆ మాట అనడం మరొకటి. రెండింటిలో ఏది పెద్దదని అడిగితే ఈ రోజు నేను తడుముకోకుండా రెండోదే అంటాను.

పాలు పొంగించిన రోజు భార్యతో వచ్చాడు. ఆమె గోల్ బజార్‌లో మిఠాయి కొని తెచ్చింది. అతను గుమ్మం దగ్గర కాలితో తడిమి, ‘‘ఒకటే మెట్టప్పా. బాగుంది,’’ అన్నాడు. నేను అతనికి ఇల్లంతా తిప్పి చూపించాను. చేయి పట్టుకుని, ఇది వంటగది, ఇది పెరటి తలుపు అంటూ. ఎందుకు చూపించాను? అతను అడగలేదు కదా. ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉంది, రాయడానికే చేయి రావడం లేదు. చూపించడం నాకు బాగుంది.

ఆ తరువాత అతను స్క్రీన్ రీడర్ గొంతు వేగం తగ్గించుకున్నాడు. ప్రతి వరుసనూ చివరి మాట దాకా వినేవాడు. పని సాయంత్రానికి తెమిలేది కాదు. రోజుకు రెండుసార్లు, ‘‘అంతా సరిగ్గానే ఉందా అప్పా?’’ అని నన్నే అడిగేవాడు. ఉందని చెప్పేదాన్ని. రెండేళ్ళు గడవకముందే తన చేతులతోనే అర్జీ పెట్టుకుని టెలిఫోన్ల దగ్గరకు వెళ్ళిపోయాడు.

మొన్న ఆఫీసు మొత్తానికి మెయిల్ ప్రోగ్రామ్ మళ్ళీ మార్చారు. కింది అంతస్తు నుంచి ఫోన్ చేశాడు. ‘‘అప్పా, నువ్వొచ్చి పక్కన కూకో. నా ఏళ్ళ మీద నాకు నమ్మకం నేదు.’’ వెళ్ళి కూర్చున్నాను. ఒక్కొక్క మెట్టూ దిగుతూ, ప్రతి మీటకూ ముందు నన్ను అడుగుతూ, ప్రివ్యూ గడి మూశాడు, వరుస మార్చాడు. చెప్పడానికి నాకు ఒక పూట మొత్తం దొరికింది. చెప్పలేదు.

అతనికి చెబుతానా? ఇల్లు ఖాళీ చేస్తానా? చేస్తానని ఇక్కడ రాస్తే అది మరో అబద్ధం అవుతుంది. ఆ మధ్యాహ్నం మౌస్ పట్టుకున్నది నేను. అతని వేలు జారలేదు. మీకు చెప్పాను, అతనికి చెప్పలేదు. అయినా ఈ పూట గుండె కాస్త తేలికపడింది. ఇదీ నాకు రావలసినది కాదు.